పాత వాల్వ్ రేడియో పెట్టెకు పాలిష్: విశాఖ తేమలో నా అనుభవం

రేడియో పెట్టె మీద నల్లబడి, పగుళ్లిచ్చి, ఎండాకాలంలో చేతికి జిగటగా తగిలే పొరను చూసి చెక్కే పాడైపోయిందని చాలామంది అనుకుంటారు. నాకు తగిలిన పెట్టెల్లో చాలావాటికి చెక్కకేమీ కాలేదు, పైన కొట్టిన లాకర్ (మెరుపు పూత) ముసలిదైంది, అంతే. ఈ మధ్య పూర్తిచేసినది 1950ల చివరినాటి టేబుల్ మోడల్. వెడల్పు 52 సెంటీమీటర్లు, ఎత్తు 34, లోతు 23. ప్లైవుడ్ మీద వాల్నట్ వెనీర్ (అక్రోటు చెక్క పలచటి రేకు) అతికించి, ముందు మూలలు గుండ్రంగా వంచారు. బీచ్‌కు దగ్గరి ఇళ్లలో ఉన్న పెట్టెలకు వచ్చే జబ్బులన్నీ దీనికీ ఉన్నాయి. ఇనప స్టాండు పెట్టిన చోట పైపలక మీద నల్లటి వలయం, ఎడమ పక్కన అరచేయంత వెనీర్ ఉబ్బు, అడుగు ప్లైవుడ్‌లో విడిపోయిన పొరలు, వెనక అంచున పుచ్చు.

ముందు లోపలి సామాను బయటికి తీయాలి. ప్లగ్గు పీకిన వెంటనే చెయ్యి పెట్టకూడదు, పెద్ద కెపాసిటర్లలో విద్యుత్తు నిలిచి ఉంటుంది. కాసేపు ఆగి, ఇన్సులేషన్ ఉన్న వైరుకు రెసిస్టర్ కట్టి దాన్ని దించేయాలి. అలవాటు లేనివాళ్లు ఈ ఒక్క పని రేడియో మెకానిక్ చేత చేయించుకోవడమే మంచిది. వాల్వుల (లోపలి గాజు ట్యూబుల) పేర్లు యూ అక్షరంతో మొదలైతే ఆ సెట్టులో మెయిన్స్ ట్రాన్స్‌ఫార్మర్ ఉండదని లెక్క. ఛాసిస్, అంటే భాగాలన్నీ బిగించిన లోహపు పళ్లెం, నేరుగా కరెంటు లైనుకు కలిసి ఉంటుంది. అలాంటి సెట్లలో నాబ్ పక్క అంచులో ఉన్న చిన్న స్క్రూ గుంటలో మైనం నింపి ఉంటుంది. వేలు ఆ స్క్రూకు తగిలితే షాక్ కొడుతుంది కాబట్టే కంపెనీవాళ్లు మైనం పెట్టారు. దాన్ని మురికి అనుకుని గోకి పారేస్తే తిరిగి నింపడం మరిచిపోతాం. నేను పిన్నుతో తీసి, ఏ నాబ్‌కు మైనం ఉందో కాగితం మీద రాసుకున్నాను.

ఛాసిస్ అడుగున నాలుగు బోల్టులు ఉంటాయి. వాటి కింది రబ్బరు వాషర్లు ఎండి పొడి అవుతుంటే కొత్తవి కోసి పెట్టుకోవాలి. డయల్ గాజు మీద స్టేషన్ల పేర్లు లోపలి వైపు అచ్చు వేసి ఉంటాయి. ఆ వైపు నీళ్లు గానీ స్పిరిట్ గానీ తగిలితే అక్షరాలు గుడ్డకు వచ్చేస్తాయి, మళ్లీ తెచ్చుకోలేం. పొడి బ్రష్‌తో దుమ్ము దులిపి, మెత్తటి గుడ్డలో చుట్టి పక్కన పెట్టాలి. స్పీకర్ గుడ్డను ఉతక్కూడదు, కుంచించుకుపోతుంది. దాన్ని బిగించిన అట్టతో సహా విప్పేశాను. పెట్టె లోపల అతికించిన వాల్వుల పటం కాగితం ఉంటే దాని మీద పాలిథీన్ పరిచి, చుట్టూ పేపర్ టేపు వేయాలి. థిన్నర్ ఆవిరికే ఆ సిరా చెదిరిపోతుంది.

నాబ్ ఊడదీసినప్పుడు దాని కింద రూపాయి బిళ్లంత గుండ్రటి మచ్చ కనిపిస్తుంది. అక్కడ చెక్క ముదురు తేనె రంగులో, ఇంకా మెరుస్తూ ఉంటుంది. మిగతా పెట్టంతా వెలుతురుకు పసుపు తిరిగి, మసికి నల్లబడి ఉంటే, ఆ కాస్త చోట మాత్రం ఫ్యాక్టరీ రంగు అలాగే ఉంది. పని మొత్తానికి కొలత అదే. పగటి వెలుతురులో ఫోటో తీసుకున్నాను. డయల్ ఫ్రేము కింద దాగిపోయే చోట ఒక సెంటీమీటరు పట్టీని అసలు ముట్టుకోకుండా వదిలాను. ఫోన్ ఫోటోలో రంగు మోసం చేస్తుంది, పట్టీ చేయదు.

తర్వాత పైపొర ఏమిటో తేల్చుకోవాలి. వెనక అడుగు మూలన, ఎవరికీ కనపడని చోట, స్పిరిట్‌లో ముంచిన దూది అర నిమిషం ఒత్తి పట్టాలి. పొర కరిగి జిగురైతే అది షెల్లాక్, అంటే లక్కతో చేసిన పాలిష్. స్పిరిట్‌కు లొంగక ఎన్‌సీ థిన్నర్‌కు కరిగితే నైట్రోసెల్యులోజ్ లాకర్, ఎన్‌సీ అంటే అదే. రెండింటికీ లొంగకపోతే ఆయిల్ వార్నిషో, మధ్యలో ఎవరో కొట్టిన పీయూ (పాలీయురెథేన్) పూతో అయి ఉంటుంది. దీనికి థిన్నర్‌తో కరిగింది.

ఇక్కడే తొందరపడి గీకేయకూడదు. ముందు టర్పెంట్ ఆయిల్ గుడ్డతో, తర్వాత సబ్బునీళ్లలో ముంచి గట్టిగా పిండిన గుడ్డతో తుడవాలి. వంటింటి జిడ్డు, మసి, పాత మైనం పోతే సగం పెట్టెలు అక్కడితోనే తేరుకుంటాయి. సన్న పగుళ్లు మాత్రమే ఉంటే ఎన్‌సీ థిన్నర్‌లో పదో వంతు రిటార్డర్ (ఆరడాన్ని నెమ్మది చేసే ద్రవం) కలిపి పలచగా స్ప్రే చేస్తే పాత లాకరే కరిగి తిరిగి కలిసిపోతుంది. కుడి పక్కన ఈ పద్ధతి చక్కగా పనిచేసింది. పైపలక మీద పొర పొలుసులుగా లేచిపోయింది, కలవలేదు. ఒక పక్క పాత రంగు, ఇంకో పక్క కొత్త రంగు ఉంటే కిటికీ వెలుతురులో తేడా కొడుతుందని చివరికి మొత్తం తీశాను. ఒక్క పైపలకే పాడైతే మాత్రం దాన్నొక్కదాన్నే చేయండి.

తీయాలనుకునేవాళ్లు ఒకటి తెలుసుకోవాలి. ఆ కాలపు రేడియోల ముదురు గోధుమ రంగు చాలావరకు చెక్కలో ఉండదు, లాకర్‌లో ఉంటుంది. ఫ్యాక్టరీలో రంగు కలిపిన లాకర్‌ను మూలల్లో, అంచుల్లో ముదురుగా, మధ్యలో లేతగా స్ప్రే చేసేవారు. పొర తీసేయగానే రంగంతా గుడ్డకు వచ్చేసి, కింద బూడిద గోధుమ వాల్నట్ బయటపడుతుంది. మూలలకు వేరే చెక్క వాడినచోట ఆ తేడా ఇంకా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. ఇది తెలియక పొర తీసి, పైన ఉట్టి క్లియర్ లాకర్ కొట్టి, రేడియో వెలవెలబోయిందని బాధపడేవాళ్లు ఉన్నారు.

పొర తీయడానికి ఒకటిన్నర లీటరు ఎన్‌సీ థిన్నర్ పట్టింది. గాజువాక ఆటోనగర్‌లో కార్ల పెయింటింగుకు వాడే సామాను దొరుకుతుంది కానీ, డబ్బా మీద ఎన్‌సీ అని ఉందో లేదో చూసి కొనాలి. పీయూ థిన్నర్ ఈ లాకర్‌కు తగినది కాదు. పాత నూలు గుడ్డను థిన్నర్‌లో తడిపి పలక మీద పరిచి, పైన పాలిథీన్ కప్పి ఐదు నిమిషాలు వదిలాను. మెత్తబడిన పొరను పాత ఏటీఎం కార్డు అంచుతో తోశాను. ఇనప గీకుడు బద్ద వాడితే వెనీర్‌లో గాడి పడుతుంది. మిగిలిన జిగటను గోనె గుడ్డ ముక్కతో, చెక్క గీత వెంట మాత్రమే రుద్దాను. తలుపులకు పెట్టినట్టు కాస్టిక్ సోడా పెట్టకూడదు. వాల్నట్ నల్లబడుతుంది, వెనీర్ జిగురు వదులుతుంది. వేడిగాలి గన్‌కు కూడా పాత జిగురు మెత్తబడి వెనీర్ లేచిపోతుంది.

ఈ పని ఆరుబయటే చేయాలి. ముఖానికి ఆర్గానిక్ వేపర్ కార్ట్రిడ్జ్ ఉన్న మాస్కు కావాలి, మామూలు గుడ్డ మాస్కు దుమ్మునైనా ఆపుతుందేమో గానీ థిన్నర్ ఆవిరిని ఆపదు. పరిసరాల్లో పొయ్యి, దీపం, స్కూటర్ ఇంజను ఏవీ ఉండకూడదు. తడిసిన గుడ్డలను ఉండ చుట్టి మూల పడేయకుండా బయట విడివిడిగా పరిచి ఆరబెట్టి పారేయాలి.

రిపేర్లలో ఎక్కువ సమయం తిన్నది ఎడమ పక్క ఉబ్బు. పాత సెట్లలో జంతు చర్మం నుంచి తీసిన జిగురు వాడి ఉంటే వేడికి అది మళ్లీ అంటుకుంటుంది. ముందు ఆ పరీక్ష చేశాను. తడి గుడ్డ పరిచి, ఇస్త్రీపెట్టె తక్కువ వేడిలో పది సెకన్లు పెట్టి, వెంటనే చెక్క దిమ్మతో ఒత్తి పట్టాను. సగం అంటుకుంది, సగం మళ్లీ లేచింది. లేచినచోట కొత్త బ్లేడుతో చెక్క గీత వెంట నాలుగు సెంటీమీటర్ల గాటు పెట్టి, పది వంతుల ఫెవికాల్‌కు ఒక వంతు నీళ్లు కలిపి సిరంజితో లోపలికి ఎక్కించాను. పైకి ఉబికిన జిగురును తడి గుడ్డతో అప్పటికప్పుడే తుడిచేయాలి. ఫెవికాల్ మరక పడినచోట రంగు పట్టదు, తెల్ల మచ్చలా మిగిలిపోతుంది. పైన పాలిథీన్, దాని మీద పలక, రెండు సీ క్లాంపులు. పుస్తకాల్లో 24 గంటలంటారు, మన గాలిలో 48 ఉంచాను. అడుగు ప్లైవుడ్‌కూ ఇదే పద్ధతి, నాలుగు క్లాంపులతో.

పుచ్చు రంధ్రాలను తడితే సన్నటి పొడి రాలుతోంది. అంటే పురుగు ఇంకా లోపలే ఉండొచ్చు. లీటరు వేడినీళ్లలో 60 గ్రాముల బోరాక్స్, 40 గ్రాముల బోరిక్ పౌడర్ కరిగించి, చల్లారాక ఒక్కో రంధ్రంలోకి సిరంజితో పోశాను. లోపలి పాలిష్ లేని చెక్కకు పలచగా ఒక్క చేయి (పూత) బ్రష్ కొట్టాను. ఎక్కువ పోస్తే ప్లైవుడ్ తడిసి కొత్త ఉబ్బులు వస్తాయి. పాలిష్ ఉన్న చెక్కలోకి ఈ మందు దిగదు కాబట్టి పొర తీసిన ఈ దశలోనే చేయాలి. వారం ఆరాక కింద నల్ల కాగితం పరిచి చూశాను, కొత్త పొడి పడలేదు.

నల్లటి వలయం మురికి కాదు. ఇనుము, తేమ, చెక్కలో సహజంగా ఉండే టానిన్ అనే వగరు పదార్థం కలిసి అయిన మరక. ఉప్పుకాగితంతో పోగొట్టబోతే వెనీర్ అయిపోతుంది గానీ మరక పోదు. అర లీటరు వేడినీళ్లలో 50 గ్రాముల ఆక్సాలిక్ ఆమ్లం కరిగించి, మరక మీద మాత్రమే కాకుండా పైపలక మొత్తానికి బ్రష్‌తో రాశాను. మచ్చ దగ్గరే రాస్తే ఆ చోటు తెల్లబడి కొత్త వలయమవుతుంది. మొదటిసారికి నలుపు ఊదాగా మారింది, రెండోసారికి పోయింది. తర్వాత లీటరు నీళ్లలో ఒక చెంచా వంటసోడా కలిపి ఆ గుడ్డతో, ఆపైన మంచినీళ్ల గుడ్డతో రెండుసార్లు తుడిచాను. ఈ ఆమ్లం విషం. చేతులకు గ్లవ్స్ ఉండాలి. ఆరాక తెల్లటి స్ఫటికాలు మిగిలితే పొడిగా రుద్దకూడదు, ఆ ధూళి ముక్కులోకి వెళ్తే మంట పుట్టిస్తుంది.

ఉప్పుకాగితం 180 నంబరు ఎక్కడా వాడలేదు. 240తో మొదలుపెట్టి 320తో ముగించాను. ఆ కాలపు వెనీర్ చాలా పలచగా ఉంటుంది, మిల్లీమీటరు కూడా ఉండకపోవచ్చు. పలక మీద పెన్సిలుతో లేతగా అడ్డగీతలు గీసి, ఆ గీతలు పోగానే ఆపేయాలి. ఇంత జాగ్రత్తపడ్డా ఎడమ ముందు మూల దగ్గర ఒక చోట దాటిపోయింది. ముందు చెక్క రంగు కాస్త లేతగా మారింది, ఇంకో నాలుగు సార్లు కాగితం నడిచేసరికి చెక్క గీత అడ్డం తిరిగింది. గీత దిక్కు మారిందంటే వెనీర్ అయిపోయి కింది ప్లై బయటపడినట్టే. దాన్ని ఇంక సరిచేయలేం, కప్పగలం. రంగు దశలో సన్న బ్రష్‌తో గీతలు గీసి కలిపాను. తెలిసినవాళ్లకు తప్ప కనపడదు. వంపులకు వేళ్లతో కాకుండా రబ్బరు ముక్క చుట్టూ కాగితం చుట్టి రుద్దితే ఇది జరగదు.

వాల్నట్ చెక్కలో సహజంగా ఉండే సన్న రంధ్రాలు పూడ్చడానికి సుద్దపొడి, బర్న్ట్ అంబర్ అనే ముదురు గోధుమ రంగుపొడి, కొద్దిగా వార్నిష్, టర్పెంట్ ఆయిల్ కలిపి పెరుగులా చేసుకున్నాను. చెక్క రంగు కంటే ఒక ఛాయ ముదురుగా ఉండాలి, లేదంటే తర్వాత రంధ్రాలు తెల్లగా కనిపిస్తాయి. గోనె ముక్కతో గుండ్రంగా రుద్ది, మెరుపు తగ్గగానే చెక్క గీతకు అడ్డంగా తుడిచేశాను. మూడు రోజులు ఆరనివ్వాలి. ఆత్రపడితే పైన కొట్టిన లాకర్ కింద పూత కుంగి, నెల తర్వాత సన్న గుంటలు తేలతాయి.

దాని మీద షెల్లాక్ ఒక పలచటి చేయి. 250 మిల్లీలీటర్ల స్పిరిట్‌లో, మైనం తీసిన షెల్లాక్ రేకులు 30 గ్రాములు వేసి, రాత్రంతా నానబెట్టి, మల్లు గుడ్డలో వడగట్టినది. ఏటికొప్పాక బొమ్మలకు తరిణె (లేత్) మీద రాపిడి వేడితో పట్టించే లక్క, ఈ రేకులు ఒకే పురుగు ఇచ్చే సరుకు. అక్కడ వేడితో కరిగిస్తారు, ఇక్కడ స్పిరిట్‌తో. ఈ పొర వల్ల ఒక పెద్ద మేలు ఉంది. ఏళ్ల తరబడి ఎవరో సిలికాన్ ఉన్న పాలిష్ రాసి ఉంటే, లాకర్ ఆ చోట్లలో నిలవకుండా చిన్న చిన్న గుంటలుగా విడిపోతుంది. షెల్లాక్ దాన్ని కింద అదిమి ఉంచుతుంది. నాబ్‌ల రంధ్రాల అంచులకు, ప్లైవుడ్ కోసిన అంచులకు కూడా షెల్లాక్ పట్టించాలి. తేమ లోపలికి పోయే దారులు అవే. రేకులు కలిపి ఆరు నెలలు దాటితే గాజు మీద చుక్క వేసి చూడండి. గోరుకు అంటుకుంటుంటే పారబోయడమే.

ఇక లాకర్. విశాఖలో ఈ పనికి అసలు శత్రువు గాలిలో తేమ. థిన్నర్ వేగంగా ఆవిరయ్యేటప్పుడు పెట్టె ఉపరితలాన్ని చల్లబరుస్తుంది. 30 డిగ్రీల వేడి, 80 శాతం తేమ ఉన్న రోజున గాలి 26 డిగ్రీల దగ్గరే నీరు కక్కుతుంది. అంటే ఉపరితలం నాలుగు డిగ్రీలు చల్లబడితే చాలు, లాకర్‌లోకి నీటి ఆవిరి దిగి పొర పాలలా తెల్లబడుతుంది. అదే 28 డిగ్రీలు, 55 శాతం ఉన్న రోజున 18 డిగ్రీల దాకా చల్లబడాలి, అంత జరగదు. అందుకే సంక్రాంతి దాటాక శివరాత్రి లోపల పని పెట్టుకున్నాను. ఉదయం మంచు, చెమ్మ పోయాక పది గంటలకు మొదలుపెట్టి, గాలి సముద్రం వైపు నుంచి తిరిగేలోపు ఆపేశాను. చిన్న డిజిటల్ తేమమీటరు పెట్టె పక్కనే పెట్టుకోవాలి. 65 శాతం దాటితే స్ప్రే గన్ పట్టుకోను.

మూడో చేయి కొట్టిన రోజు మీటరు 68 చూపిస్తున్నా ఇంకొక్క చేయే కదా అని కానిచ్చాను. తడి మెరుపు నిమిషంలో తగ్గి, పైపలక కుడి మూల నుంచి పొగ పాకినట్టు తెలుపు కమ్ముకుంటూ వచ్చింది. కంగారుపడి తుడవకూడదు, తుడిస్తే పొర చెదిరిపోతుంది. మరుసటి రోజు పొడి గాలిలో, రిటార్డర్ కలిపిన థిన్నర్‌ను ఆ చోట మంచులా చల్లితే పొర మళ్లీ తడై, తేమ వదిలి, తేటబడింది. ముందు జాగ్రత్తగా లాకర్‌లోనే రిటార్డర్ నూటికి ఐదు వంతులు కలుపుకోవచ్చు. పది దాటితే పొర వారాల తరబడి మెత్తగా ఉండిపోతుంది.

వానాకాలంలో చేయక తప్పదనుకునేవాళ్లు పెట్టెను ఏసీ గదిలో ఆరబెట్టి బయటికి తెస్తుంటారు. చల్లటి పెట్టెను తేమ గాలిలోకి తేగానే కూల్‌డ్రింకు సీసాకు పట్టినట్టు చెమ్మ పడుతుంది. బయట రెండు గంటలు ఉంచి, చెక్క గాలి వేడికి వచ్చాకే కొట్టాలి. ఏసీ గదిలోనే స్ప్రే చేయడం మాత్రం ప్రాణాల మీదికి తెచ్చుకోవడమే. మూసిన గదిలో థిన్నర్ ఆవిరికి ఒక్క స్విచ్ నిప్పురవ్వ చాలు. ఇంకో నీటి మూలం కంప్రెసర్ ట్యాంకు. రోజూ కింది కుళాయి తిప్పి నీళ్లు వదలాలి, గొట్టానికి నీటిని వడకట్టే ట్రాప్ ఉండాలి. లేకపోతే గన్ మధ్యలో నీటి చుక్కలు ఊస్తుంది.

అర లీటరు ఎన్‌సీ క్లియర్ లాకర్, అర లీటరు థిన్నర్, 50 మిల్లీలీటర్ల రిటార్డర్ కలిపితే ఈ పెట్టెకు సరిపోయింది. గన్ నాజిల్ 1.4 మిల్లీమీటర్లు, గాలి 30 పీఎస్‌ఐ, పెట్టెకు 15 నుంచి 20 సెంటీమీటర్ల దూరం. ప్రతి వరస ముందు వరసను సగం కప్పాలి. మొదటి రెండు చేతులు క్లియర్. తర్వాత 200 మిల్లీలీటర్ల మిశ్రమం వేరుగా తీసి, ఎన్‌సీలో కలిసే వాల్నట్ స్టెయిన్ 10 మిల్లీలీటర్లు కలిపి రంగు చేతులు వేశాను. పెట్టంతా రెండు పలచటి చేతులు, మూలలకు, అడుగు అంచుకు ఇంకో రెండు. ప్రతి చేతికీ ఆగి, వదిలిన పట్టీ పక్కన పగటి వెలుతురులో పోల్చాలి. రంగు పెంచుకోవచ్చు, వెనక్కి తీయలేం. పట్టీ కంటే ఒక ఛాయ తక్కువ ఉన్నప్పుడే ఆపాను, పైన పడే క్లియర్ చేతులతో అది ఇంకొంచెం ముదిరి సరిపోయింది. ఆ పైన నాలుగు క్లియర్ చేతులు, రోజుకు రెండు మించకుండా, గంటన్నర ఎడంతో. రంగు చేతుల మీద ఉప్పుకాగితం పెట్టకూడదు, రంగు చారలుగా లేచిపోతుంది. కనీసం రెండు క్లియర్ చేతులు పడ్డాకే 400తో తేలిగ్గా రుద్దాలి.

పీయూ కొడితే గట్టిగా ఉంటుందని ఇప్పటి పాలిష్ పనివాళ్లు చెబుతారు. గట్టిగా ఉంటుంది, నిజమే. కానీ రేపు గీత పడితే లాకర్‌లా కరిగించి కలపలేం, మొత్తం గీకాలి. రేడియోకు అది తగదని నా గట్టి అభిప్రాయం.

ఆఖరి చేతి తర్వాత నాలుగు వారాలు ముట్టుకోలేదు. ముక్కు ఆనించి వాసన చూస్తే థిన్నర్ తెలియకూడదు, అడుగు అంచున గోరు గుచ్చితే దిగకూడదు. అప్పుడు 1000, 1500, 2000 వాటర్‌పేపర్‌తో రుద్దాను. నీళ్ల బదులు టర్పెంట్ ఆయిల్ వాడాను. ఆరిన లాకర్‌కు దానివల్ల హాని లేదు, నీళ్లయితే నాబ్ రంధ్రాల్లోంచి ప్లైవుడ్‌లోకి పాకుతాయి. అంచులకు పేపర్ టేపు వేసి, టేపు తీశాక అక్కడ 2000తో మూడు నాలుగు సార్లు మాత్రమే. చివరికి రబ్బింగ్ కాంపౌండ్, మెత్తటి నూలు గుడ్డ.

ఇత్తడి పేరుపలకకు బ్రాసో పెట్టలేదు. దాని మీద పలచటి లాకర్ ఉంటుంది, అది చారలుగా పోతుంది. సబ్బునీళ్ల గుడ్డ చాలు. స్పీకర్ అట్ట, డయల్ గాజు, కొత్త రబ్బరు వాషర్లతో ఛాసిస్ బిగించాక, నాబ్‌లకు పెట్టెకు మధ్య పలచటి ఫెల్ట్ వాషర్లు వేశాను. అవి లేకపోతే నాబ్ తిరిగిన ప్రతిసారీ కొత్త లాకర్ మీద వలయం పడుతుంది. రాసుకున్న కాగితం తీసి, స్క్రూ గుంటల్లో కొవ్వొత్తి మైనం కరిగించి నింపి, వెనక మూత బిగించాను. ప్లగ్గు ఆ తర్వాతే.